డ్రైవు పాడైందా, డిస్కు పాడైందా?

మావారికి కడోదరా బ్రాంచికి బదిలీ అయినప్పుడు ఆ ఊరి పేరు సరిగ్గా పలకడానికే మాకు రెండు రోజులు పట్టింది. సూరత్‌కి తూర్పున, ముంబయి-అహ్మదాబాద్ జాతీయ రహదారి మీద ఉంటుంది ఈ ఊరు. చౌరస్తాలో నిలబడితే ఒక దారి సూరత్‌కి, దానికెదురుగా ఉన్నది బార్డోలీకి పోతాయి. ఎటు చూసినా బట్టల మిల్లులు, డైయింగ్ యూనిట్లు, తాన్లు మోసుకుపోయే టెంపోలు. సూరత్‌లో లింబాయత్ వైపు వెళ్తే తెలంగాణ నుంచి వచ్చి మరమగ్గాల మీద స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు చాలా ఉన్నాయి కాబట్టి అక్కడ తెలుగు చెవిన పడుతుంది. కడోదరాలో మాత్రం మాకు తెలుగంటే మా ఇంట్లో మాట్లాడుకునేదే.

ఆ ఇంట్లో ఒకరికి మాట లేదు. మా మామయ్యగారు మన బ్యాంకులోనే హెడ్ క్యాషియర్‌గా చేసి 2007లో రిటైరయ్యారు. ఆరేళ్ళ కిందట పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, మాట రెండూ పడిపోయాయి. చెయ్యి కొంత కోలుకుంది కానీ మాట రాలేదు. ఏదైనా చెప్పాలంటే ఒకటి రెండు అక్షరాలు, మిగతాదంతా చేతి సైగ. అప్పటికి మా అబ్బాయికి మూడేళ్ళు. ఈ వేసవిలో ఒకరోజు వాడు, "అమ్మా, తాతయ్య గొంతు ఎలా ఉండేది?" అని అడిగాడు. నేను జవాబు చెప్పేలోపే అత్తయ్యగారు లేచి వెళ్ళి, చీరల పెట్టెలోంచి రెండు సీడీలు తెచ్చి నా చేతిలో పెట్టారు. అవి మామయ్యగారి వీడ్కోలు సభ వీడియోలు. ఆయన మాట్లాడింది రెండో సీడీలో ఉంది.

మా ఇంట్లో 2013లో కొన్న డెస్క్‌టాప్ ఉంది. దానికి డీవీడీ డ్రైవు కూడా ఉంది. సీడీ పెడితే ఏమీ జరగలేదు. అసలు కంప్యూటర్‌లో డ్రైవు గుర్తే కనబడలేదు. "డ్రైవు పోయింది, కొత్తది తెస్తా" అన్నారు మావారు. "పదిహేడేళ్ళయింది, సీడీయే పోయుంటుంది" అన్నారు అత్తయ్యగారు. సగం సగం ఇద్దరి మాటా నిజమే. ఆ సగాలు విడదీయడానికి మాకు నాలుగు రోజులు పట్టింది. ఇలాంటి సీడీలు మనలో చాలామంది ఇళ్ళలో ఉంటాయి కాబట్టి ఆ నాలుగు రోజుల్లో నేర్చుకున్నది వరసగా రాస్తున్నాను.

ముందు ఒక సూత్రం

క్యాష్‌లో తేడా వచ్చినప్పుడు మామయ్యగారు ఎలా పట్టేవారో మావారు చెప్పారు. అందరూ మీదపడి అన్ని కట్టలూ ఒకేసారి విప్పకూడదట. ఒక కట్ట లెక్కపెట్టి, సరిపోతే పక్కన పెట్టి, తర్వాతది తీయాలి. మేం కంప్యూటర్ ముందు కంగారు పడుతుంటే మామయ్యగారు కుర్చీలోంచి ఎడమ చేతి వేలు ఒకటి పైకెత్తి చూపించారు. ఒక్కొక్కటే అని.

సీడీ ఆడకపోతే తప్పు నాలుగు చోట్ల ఉండొచ్చు. కంప్యూటర్‌కీ డ్రైవుకీ మధ్య ఉన్న తీగల్లో, విండోస్‌లో, డ్రైవులో, లేదా సీడీలో. ఒకసారికి ఒక్కదాన్నే మార్చి చూడాలి. రెండు ఒకేసారి మారిస్తే, బాగుపడినా దేనివల్ల బాగుపడిందో తెలియదు.

మొదటి కట్ట: తీగలు

డ్రైవు ముందున్న బటన్ నొక్కండి. ట్రే బయటికొచ్చి, లైటు వెలిగితే డ్రైవుకి కరెంటు అందుతోందన్నమాట. ట్రే రాక, లైటూ వెలగకపోతే ముందు కరెంటు తీగను అనుమానించాలి. మాకు ట్రే హాయిగా వచ్చింది, లైటు వెలిగింది, కానీ కంప్యూటర్‌కి మాత్రం డ్రైవు కనబడలేదు. అంటే కరెంటు ఉంది, కబురు అందడం లేదు.

కంప్యూటర్ షట్‌డౌన్ చేసి, గోడ ప్లగ్గు పీకేసి, పక్క రేకు విప్పాం. లోపల చూస్తే సన్నటి బూడిదరంగు దూది పొర! ఈ ఊరి గాలిలో నూలు పొట్టు ఎంత ఉంటుందో అప్పుడు తెలిసింది. మెత్తటి బ్రష్షుతో నెమ్మదిగా దులిపాం. లోపలి భాగాలు ముట్టుకునే ముందు క్యాబినెట్ ఇనుప చట్రాన్ని ఒకసారి చేత్తో తాకాలి. మన ఒంట్లో ఉండే స్థిరవిద్యుత్తు అలా పోతుంది, లేకపోతే అది చిప్పులను పాడుచేస్తుంది.

డ్రైవు వెనక రెండు తీగలుంటాయి. వెడల్పుది కరెంటుకి, సన్నది సమాచారానికి. వీటిని సాటా తీగలంటారు. మా కంప్యూటర్లో సన్న తీగ సగం ఊడి ఉంది. లారీలో అన్ని వందల కిలోమీటర్లు వచ్చిన పెట్టె కదా! రెండు కొసలూ తీసి మళ్ళీ గట్టిగా నొక్కి పెట్టాం. పెట్టగానే డ్రైవు కనబడింది. మీది ఇంకా పాతది, వెడల్పాటి రిబ్బను లాంటి తీగ ఉన్నదైతే, డ్రైవు వెనక జంపర్ అనే చిన్న బిళ్ళ ఉంటుంది. ఒకే రిబ్బనుకి రెండు పరికరాలున్నప్పుడు ఒకటి మాస్టర్‌గా, ఒకటి స్లేవ్‌గా ఉండాలి. రెండూ మాస్టరే అయితే పని జరగదు.

తీగలు సరిచేసినా డ్రైవు కనబడకపోతే, కంప్యూటర్ వెలిగించగానే డిలీట్ కీ గానీ ఎఫ్2 గానీ నొక్కి బయోస్ తెరలోకి వెళ్ళి చూడండి. ఏ కీ నొక్కాలో మొదటి తెర మీదే ఉంటుంది. బయోస్‌లో డ్రైవు పేరు కనబడి విండోస్‌లో కనబడకపోతే తప్పు చాలావరకు విండోస్‌లో ఉన్నట్టు. బయోస్‌లోనే కనబడకపోతే తీగలోనో డ్రైవులోనో ఉన్నట్టు. వేరే తీగ పెట్టి చూస్తే ఆ రెంటిలో ఏదో తేలుతుంది.

ట్రే బయటికి రాకుండా ఇరుక్కుపోతే చాకుతో పెకలించకండి. ట్రే మూత మీద చిన్న రంధ్రం ఉంటుంది. కంప్యూటర్ ఆపేసి, పేపర్ క్లిప్పును తిన్నగా సాగదీసి అందులోకి నెట్టండి. ట్రే కొంచెం బయటికొస్తుంది, మిగతాది చేత్తో లాగొచ్చు. ట్రే తరచూ ఇరుక్కుంటుంటే లోపలి రబ్బరు బెల్టు సాగిపోయి ఉంటుంది. అది మామూలు జబ్బే, దానివల్ల సీడీ చదవడం పాడవదు.

రెండో కట్ట: విండోస్

స్టార్ట్ బటన్ మీద కుడి క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరవండి. డీవీడీ, సీడీ డ్రైవుల వరసలో మీ డ్రైవు పేరు పక్కన పసుపుపచ్చ గుర్తు ఉంటే, దాని మీద కుడి క్లిక్ చేసి అన్‌ఇన్‌స్టాల్ నొక్కి, కంప్యూటర్ రీస్టార్ట్ చేయండి. విండోస్ దాన్ని తనే మళ్ళీ గుర్తుపడుతుంది. అయినా గుర్తు పోకుండా కోడ్ 19 అనో 39 అనో వస్తుంటే, ఎప్పుడో తీసేసిన సీడీ రైటింగ్ సాఫ్ట్‌వేర్ రిజిస్ట్రీలో వదిలిపోయిన అప్పర్‌ఫిల్టర్స్, లోయర్‌ఫిల్టర్స్ అనే పద్దులు కారణం కావచ్చు. అవి తీసేస్తే సరిపోతుంది కానీ, రిజిస్ట్రీ అంటే జనరల్ లెడ్జర్ లాంటిది. ఒక పద్దు పొరపాటున కొట్టేస్తే మొత్తం తప్పుతుంది. ఆ పని తెలిసినవారి చేతే, బ్యాకప్ తీసుకున్నాకే చేయించండి.

ఇంకో చిన్న విషయం చాలామందిని తికమక పెడుతుంది. విండోస్ 7లో డీవీడీ సినిమా దానంతటదే ఆడేది. విండోస్ 8 నుంచి ఆ సౌకర్యం తీసేశారు. డ్రైవు బాగున్నా, డిస్కు బాగున్నా బొమ్మ రాకపోవడానికి ఇదే కారణం కావచ్చు. వీఎల్‌సీ అనే ఉచిత ప్లేయర్ వేసుకుంటే చాలు. డిస్కులో ఫైళ్ళు కనబడుతున్నాయా లేదా అన్నది ముందు చూడండి. వీడియో సీడీలో ఎంపెగ్‌ఏవీ అనే ఫోల్డరు, డీవీడీలో వీడియో_టీఎస్ అనే ఫోల్డరు ఉంటాయి. అవి కనబడితే డ్రైవు చదువుతున్నట్టే.

మూడో కట్ట: డ్రైవు

ఒకే ఒక్క డిస్కు పెట్టి చూసి డ్రైవు పాడైందని తీర్పు చెప్పకూడదు. కనీసం మూడు రకాలు పెట్టాలి. కంపెనీ ముద్రించిన సీడీ ఒకటి, డీవీడీ ఒకటి, ఇంట్లో రాసిన సీడీ ఒకటి. సీడీని చదివేది 780 నానోమీటర్ల పరారుణ లేజరు, డీవీడీని చదివేది 650 నానోమీటర్ల ఎర్ర లేజరు. డీవీడీ డ్రైవులో రెండూ ఉంటాయి. సీడీలన్నీ ఆడి డీవీడీలు ఒక్కటీ ఆడకపోతే, లేదా దానికి తిరగబడితే, ఒక లేజరు నీరసించిందని అర్థం. దానికి ఇంట్లో వైద్యం లేదు, డ్రైవు మార్చడమే. అన్ని డిస్కులూ తటపటాయిస్తూ, గిర్రుమని తిరిగి ఆగి, మళ్ళీ తిరుగుతుంటే లెన్సు మీద దుమ్ము ఉండొచ్చు.

మాకు జరిగింది ఆ రెండోది. పాటల సీడీ, పిల్లల డీవీడీ కూడా రెండు మూడు నిమిషాలు ఆయాసపడి గానీ తెరుచుకోలేదు. లోపల చూసిన దూది పొర గుర్తొచ్చింది.

లెన్సు శుభ్రం చేయడానికి చిన్న బ్రష్షు అతికించిన క్లీనింగ్ డిస్కులు అమ్ముతారు. ముందు అది వాడి చూడండి. దానితో కాకపోతే డ్రైవు విప్పాలి. ల్యాప్‌టాప్ డ్రైవుల్లో లెన్సు ట్రేతోపాటే బయటికొస్తుంది. డెస్క్‌టాప్ డ్రైవులో అలా రాదు, అడుగున నాలుగు మరలు తీసి రేకు విప్పాలి. మా చౌరస్తా దగ్గర కంప్యూటర్లు బాగుచేసే కుర్రాడి చేత విప్పించి, దగ్గరుండి చూశాను. బఠాణీ గింజంత లెన్సు. అది సన్నటి తీగల మీద వేలాడుతూ ఉంటుంది, గట్టిగా నొక్కితే అంతే సంగతులు. దూది పుల్లకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక చుక్క అద్ది, మెత్తగా రెండుసార్లు తాకించి, ఆరనిచ్చాడు. "జోర్ నహీ లగానా, బెన్" అన్నాడు, బలం పెట్టకూడదని. విప్పిన డ్రైవుకి కరెంటు ఇచ్చి లోపలికి తొంగి చూడకూడదు. సీడీ లేజరు కంటికి కనబడదు, అందుకే ఇంకా ప్రమాదం.

బిగించి తెచ్చాక పాటల సీడీ, పిల్లల డీవీడీ వెంటనే తెరుచుకున్నాయి. మామయ్యగారి మొదటి సీడీ కూడా చివరిదాకా ఆడింది. దండలు, ఫొటోలు, మేనేజరుగారి మాటలు. రెండోది పెట్టాం. ముప్పై ఒక్క నిమిషాలు బాగా ఆడింది. మామయ్యగారు లేచి మైకు దగ్గరికి వచ్చారు. నోరు తెరిచారు. బొమ్మ బిగుసుకుపోయింది.

నాలుగో కట్ట: సీడీ

మళ్ళీ పెట్టాం. సరిగ్గా అక్కడే ఆగింది. మిగతా డిస్కులన్నీ చదివే డ్రైవు ఒక్క డిస్కు దగ్గర, అదీ ఒకే చోట ఆగుతుంటే తప్పు డిస్కులో ఉన్నట్టు.

సీడీలో సమాచారం మధ్య రంధ్రం దగ్గర మొదలై, చుట్టలు చుట్టలుగా అంచు వైపు సాగుతుంది. పక్కపక్క చుట్టల మధ్య దూరం 1.6 మైక్రోమీటర్లు, అంటే ఒక మిల్లీమీటరు వెడల్పులో ఆరు వందలకు పైగా చుట్టలు. సభలో మొదట జరిగింది డిస్కు మధ్యలో, చివర జరిగింది అంచు దగ్గర ఉంటుందన్నమాట. మనం వేళ్ళతో పట్టుకునేది అంచునే! వీడ్కోలు సభలో రిటైరయ్యే మనిషి ఆఖర్న మాట్లాడతారు. ఆ మాటలే డిస్కులో ఎక్కువ దెబ్బలు తినే చోట ఉన్నాయి.

వెలుతురులో పట్టి చూస్తే అడుగున గుండ్రటి గీతలు. అత్తయ్యగారు ఏటా ఒకసారి తీసి పమిట చెంగుతో గుండ్రంగా తుడిచి పెట్టేవారట. "శ్రద్ధగా తుడిచానే" అన్నారు పాపం. ఎవరైనా అలాగే చేస్తారు. కానీ సీడీని మధ్య నుంచి అంచుకి నిలువుగా తుడవాలి. సీడీలో తప్పులు సరిదిద్దే లెక్క ఒకటి ముందే రాసి ఉంటుంది. దాని సాయంతో చుట్ట వెంబడి రెండున్నర మిల్లీమీటర్ల వరకు సమాచారం పోయినా డ్రైవు తిరిగి కూర్చుకోగలదు. అడ్డంగా పడిన గీత ఒక్కో చుట్టలో కొంచెమే కొరుకుతుంది కాబట్టి లెక్కకు లొంగుతుంది. చుట్ట వెంబడే పోయిన గీత ఒకే చోట బోలెడు మింగేస్తుంది.

పైవైపు ఇంకో సంగతి బయటపడింది. సభ పేరు, తేదీ ముద్రించిన కాగితం స్టిక్కరు అంచున లేచి ఉంది. దాన్ని పీకబోయాను. రిపేరు కుర్రాడు గబుక్కున నా చెయ్యి పట్టి ఆపాడు. సీడీ మందం 1.2 మిల్లీమీటర్లు. అడుగున ఉన్నదంతా ప్లాస్టిక్కే. సమాచారం ఉండే పొర, దాని మీద అద్దంలా మెరిసే పొర పైవైపున, సన్నటి వార్నిష్ కిందే ఉంటాయి. స్టిక్కరు పీకితే దాంతోపాటు సమాచారమూ ఊడొస్తుంది. అడుగు గీతలకంటే పైగీతలే సీడీకి ఎక్కువ ప్రమాదం. డీవీడీలో సమాచారం రెండు ప్లాస్టిక్ బిళ్ళల మధ్య ఉంటుంది కాబట్టి ఈ భయం తక్కువ. లేచిన స్టిక్కరుతో సీడీ వేగంగా తిరిగితే ఊగుతుంది, ఊగితే చదవదు. వేగమైన డ్రైవుల్లో డిస్కు నిమిషానికి పదివేల చుట్లదాకా తిరుగుతుంది మరి. అందుకే పగులు పట్టిన సీడీని ఎప్పుడూ డ్రైవులో పెట్టకండి. లోపలే ముక్కలవుతుంది.

లేచిన అంచును మాత్రం కత్తెరతో జాగ్రత్తగా కత్తిరించి, అంటుకున్నది అలాగే వదిలేశాం. మెత్తటి బట్టను కొద్దిగా తడిపి, మధ్య నుంచి అంచుకి నిలువుగా తుడిచి ఆరబెట్టాం. ఈసారి ముప్పై మూడు నిమిషాల దాకా వచ్చింది. తప్ప ముందుకు పోలేదు.

ఇంకో డ్రైవు

నీరసించిన డిస్కును ఒక డ్రైవు చదవలేకపోతే ఇంకొకటి చదవొచ్చు. "మీ బ్రాంచి కంప్యూటర్లో పెట్టి చూడరాదూ" అన్నారు అత్తయ్యగారు. బ్యాంకు కంప్యూటర్లో బయటి డిస్కులు పెట్టకూడదు, అది తండ్రిది అయినా సరే అన్నారు మావారు. మామయ్యగారు అవునని తలూపారు.

రిపేరు కుర్రాడి దగ్గర పాత డ్రైవులు మూడున్నాయి. మొదటిది మాదానికంటే ముందే ఆగింది. రెండోది చివరిదాకా వెళ్ళింది, మధ్యమధ్య మొరాయిస్తూ. ఇక ఆడించి చూడటం ఆపేశాం. పాడవుతున్న డిస్కును పదే పదే ఆడిస్తూ కూర్చోకూడదు. చదవగలిగే డ్రైవు దొరికిన క్షణమే కాపీ తీసేయాలి. మామూలుగా కాపీ, పేస్ట్ చేస్తే ఒక్క చోట తప్పు రాగానే విండోస్ మొత్తం ఆపేస్తుంది. చదవలేని చోటు దాటేసి దొరికినంతా లాగే సాఫ్ట్‌వేర్లున్నాయి. ఐసోబస్టర్ అలాంటిది. డిస్కు వేగం తగ్గించి దానితో పెట్టాడు. గంటంబావు పట్టింది.

ఇంట్లో అందరం కూర్చుని చూశాం. మామయ్యగారు మైకు ముందు గొంతు సవరించుకుని మాట్లాడారు. నిండైన గొంతు. మా అబ్బాయి ఒకసారి తెర వైపు, ఒకసారి తాతయ్య వైపు చూస్తూ కూర్చున్నాడు. తనతో పనిచేసిన వారందరికీ ఆయన పేరుపేరునా నమస్కారాలు చెబుతున్నారు. రెండు చోట్ల బొమ్మ చెదిరి మాట తెగిపోయింది. మొదటిచోట పోయింది పెద్ద విషయం కాదు. రెండోచోట, "ఇన్నేళ్ళూ నాతోపాటు క్యాష్ పెట్టె మోసిన" అన్నాక ఒక పేరు పోయింది.

మామయ్యగారు కుర్చీలో ముందుకు వంగారు. చెయ్యి ఊపి ఆపమన్నారు. ఆ పేరు చెప్పడానికి ప్రయత్నించారు. మొదటిసారి మాకెవరికీ అర్థం కాలేదు. రెండోసారీ కాలేదు. మూడోసారి అత్తయ్యగారు పట్టుకున్నారు. ఆ బ్రాంచిలో అటెండరుగా చేసిన ఆయన పేరు. అత్తయ్యగారు గట్టిగా అనగానే మామయ్యగారు "ఆ" అని వెనక్కి వాలారు. మావారు ఆ పేరు కాగితం మీద రాసి సీడీ పెట్టెలో పెట్టారు.

ఇప్పుడు ఆ ఫైలు మా కంప్యూటర్లో ఒకటి, పెన్‌డ్రైవులో ఒకటి, ఆడపడుచు ఇంట్లో ఒకటి ఉన్నాయి. సీడీలు పడుకోబెట్టకుండా నిలువుగా, ఎండ తగలని చోట పెట్టాం. మీ ఇంట్లో కూడా అలాంటి సీడీ ఏదో ఒక పెట్టెలో ఉండే ఉంటుంది. కొత్త కంప్యూటర్లలో డ్రైవులే రావడం లేదు, అయినా యూఎస్‌బీకి తగిలించే బయటి డ్రైవు దొరుకుతుంది. ఈ ఆదివారం తీసి చూడండి. చదివిందంటే వెంటనే కాపీ తీయండి. చదవకపోతే కంగారు పడకండి. ఒక్కో కట్టే విప్పండి.